మైపాడు సొరపిల్లలకు నేను బుకింగు గుమాస్తాని

రిటైరవడానికి వయసు అక్కర్లేదు, ఉద్యోగం మూతపడితే చాలు. నాకు ముప్పై రెండో ఏట ఆ యోగం పట్టింది. యాభైల చివర్లో చేరి అరవైలు సగం దాటేదాకా నేను చేసిన పని ఇది: నెల్లూరులో ఒక లాడ్జి గుమ్మం పక్కన బల్ల వేసుకుని కూర్చోవడం, మైపాడు సముద్రంలో చిన్న సొరచేపలు పట్టాలని సరదాపడే పెద్దమనుషుల పేర్లు రాసుకోవడం, వాళ్ళను జీపులో తీసుకుపోయి తెప్ప ఎక్కించడం, దిగాక మొహం కడుక్కోవడానికి మంచినీళ్ళు అందించడం. నా పదవి పేరు బుకింగు గుమాస్తా. దాని పైన ఇంకో పదవి లేదు, కింద కూడా లేదు. కాబట్టి ప్రమోషన్ల గురించి రాసే బాధ తప్పింది.

ఈమధ్య మా యజమాని మేనల్లుడు ఆ పాత జీపుకు రంగు వేయించి వ్యాపారం మళ్ళీ మొదలుపెడుతున్నాడు. బల్ల దగ్గర కూర్చోవడానికి బి.ఏ. ప్యాసయిన ఒకతన్ని పెట్టుకున్నాడు. అతను మొన్న మా ఇంటికి వచ్చి, "పనిలో కిటుకులేందన్నా?" అని అడిగాడు. నోటితో చెబితే నవ్వించి పంపేస్తానని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మనం అమ్మేది

బల్ల దగ్గరికి వచ్చే ప్రతివాడి తలలోనూ ఒక సొర ఉంటుంది. అది తెప్పంత పొడవుంటుంది, నోట్లో రంపం ఉంటుంది. మనం చూపించబోయేది మూరెడు, మహా అయితే రెండు మూరలు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని తెప్ప ఎక్కక ముందే తగ్గించాలి. ఇదే మొదటి కిటుకు. నేను మొదట్లో తగ్గించేవాణ్ణి కాదు. తోటపల్లి గూడూరు నుంచి ఒక రైతు వచ్చాడు. గొడుగు, కళ్ళద్దాలు, తోడు ఇద్దరు బావమరదులు. పొద్దంతా నీళ్ళలో నాని, చివరకు గాలానికి పడిన సొరపిల్లను చూసి, "ఇంతేనా? మా చెరువులో వాలుగ దీనికంటే పెద్దది" అన్నాడు. తెప్ప నడిపిన పోలయ్య గాలం విప్పుతూ, "అయితే చెరువుకే పోకపోయినావా సామీ, ఇంత తడిచే పని లేకుండా" అన్నాడు. ఆ రైతు మళ్ళీ రాలేదు. బావమరదులు మాత్రం ఆ మాట ఊళ్ళో చెప్పుకుని నవ్వారని విన్నాను.

రెండో కిటుకు: బూట్లు విప్పించండి. తెప్ప అంటే నాలుగైదు దుంగలు తాళ్ళతో కట్టినది. దానికి అడుగు లేదు, గోడ లేదు. నీళ్ళు కింద నుంచి వస్తాయి, పక్కనుంచి వస్తాయి, ఒక్కోసారి పైనుంచీ వస్తాయి. "నీళ్ళు లోపలికి రావా?" అని అడిగేవాళ్ళకు నేను, "లోపల అనేది ఉంటే గదండీ రావడానికి" అని చెప్పేవాణ్ణి. ఇలాంటివి నా దగ్గర చాలా ఉండేవి. నా ఉద్యోగం నిలిచింది వీటి మీదే అనుకునేవాణ్ణి.

యజమాని

మా యజమాని నరసయ్యగారు సముద్రాన్ని ఒక్కసారి చూశారు, నచ్చలేదు. "ఊరికే కదులుతా ఉంటుందబ్బా" అన్నారు. అలాంటి మనిషి సముద్రాన్ని ఎలా అమ్మారని అడగొద్దు. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నవాళ్ళే దూరపు వస్తువుల్ని బాగా అమ్ముతారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే జీపులో ఇంటికి పంపించాడు. కానీ ఆయనకు ఒక సూత్రం ఉండేది: రాసుకున్న పేరు కొట్టెయ్యకూడదు. గాలి ఎదురు తిరిగినా, గుమాస్తా చచ్చినా, బల్ల మీద పుస్తకంలో పేరు ఎక్కితే ఆ మనిషి తెప్ప ఎక్కాలి.

కొత్తగా చేరినవాళ్ళు నేర్చుకోవలసింది ఆ పేరు కొట్టెయ్యడమే. నాకు అది చాతకాలేదు.

పోలయ్య

పోలయ్యది మైపాడు పక్కన పట్టపుపాలెం, అంటే జాలర్ల పల్లె. నా కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను ఆయన్ని పోలయ్యన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బయా అనేవాడు. సొర పళ్ళకు నూలు తాడు ఆగదు కాబట్టి గాలానికి పైన జానెడు ఇనపతీగ కట్టాలని, ఎర కోసం కోసిన చేపను కడగకూడదని, నెత్తురు వాసనకే సొర వస్తుందని, తెల్లారుజామున భూమి మీద నుంచి వీచే గాలిలో పోయి, ఎండెక్కి సముద్రపు గాలి తిరిగాక దాంతోనే ఇంటికి రావాలని నాకు చెప్పింది ఆయనే. నేను కోట అనే ఊరి దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. నాకు తెలిసిన నీళ్ళు కాలవలో నీళ్ళు. ఆ మాట చెబితే పోలయ్య, "అయితే నువ్వు ఒడ్డునే ఉండు, ఒడ్డు చూసుకునేదానికీ ఒకడుండాల" అన్నాడు. ఎనిమిదేళ్ళూ నేను చేసింది అదే.

మా ఇద్దరికీ మధ్య నడిచిందంతా పరాచికాలే. ఆయన ఒకటి అంటే నేను రెండు అనేవాణ్ణి. ఆయన నాతో మామూలుగా ఏదన్నా చెప్పాలనుకున్నా నేను చెప్పనిచ్చేవాణ్ణి కాదు. ఇది నాకు అప్పుడు స్నేహంలా కనపడింది.

దురాయి

ఒక ఏడాది, చలికాలం వెళ్ళే రోజుల్లో, మద్రాసు నుంచి ఒక కంపెనీ మేనేజరు పేరు రాసుకున్నాను. ఆయన మంచి మనిషి. ముందుగా ఉత్తరం రాసి, తేదీ ఖాయం చేసుకుని, కొత్త టోపీతో వచ్చాడు.

ఆయన రావడానికి మూడు రోజుల ముందు పట్టపుపాలెంలో ఒకతను తెప్ప మీద నుంచి అలలో పడిపోయాడు. శవం దొరకలేదు. పాలెం పెద్ద, వాళ్ళు పెద్దకాపు అంటారు, దురాయి వేశాడు. దురాయి అంటే కట్టడి. శవం ఒడ్డుకు వచ్చేదాకా ఎవరూ వల వెయ్యకూడదు, గాలం వెయ్యకూడదు. దాటినవాడికి పాలెంలో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. ఈ కట్టడికి కాగితం లేదు, సంతకం లేదు. అయినా అంత గట్టిగా అమలయ్యే ఉత్తరువును నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

నేను యజమానికి చెప్పాను. "సముద్రానికి సెలవేందయ్యా" అన్నారు. పేరు రాసుకున్నాం గదా అన్నారు. నేను పెద్దకాపు దగ్గరికి పోయాను.

"ఏందబ్బయా, సచ్చినోడు నీళ్ళలో ఉండంగా గాలం ఏస్తావా?" అన్నాడు.

"నేను వెయ్యను పెద్దయ్యా, మేనేజరు వేస్తాడు" అన్నాను.

చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఇద్దరు నవ్వారు. పెద్దకాపు నవ్వలేదు. చాలాసేపు ఇసకలో వేలితో గీతలు గీశాడు.

"అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఒడ్డు నుంచి తిప్పి పంపితే మా పాలేనికే మాట. ఒక్క తెప్ప పోనీ. పోలయ్య కూలికి పోతాడు. వాడికి పాలు లేదు. పడిందంతా దొరది."

పాలు అంటే ఇక్కడ వాటా. తెప్ప మీద పడిన చేపను తెప్పకొకటి, మనిషికొకటి అని పాళ్ళు వేసుకోవడం వాళ్ళ పద్ధతి. పాలు తీసుకుంటే అది వేట. కూలికి పోతే అది తెప్ప నడపడం. దురాయి నిలవాలి, అతిథి తిరిగిపోకూడదు. రెండూ కుదిరేలా ఆ పెద్దాయన వెతికిన సందు అది. నేను సరేనన్నాను. ఇంత పెద్ద రాయబారం నడిపినందుకు జీపులో తిరిగివచ్చేటప్పుడు ఈల కూడా వేశాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నాకు ఇది తరవాత తెలిసింది. దాచిపెట్టి చివర్లో బయటపెట్టి మిమ్మల్ని ఏడిపించడం నా ఉద్దేశం కాదు కాబట్టి ముందే చెబుతున్నాను. అప్పటికి నాలుగు రోజుల కిందట పోలయ్య కూతురు సుబ్బులు పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. ఆమెకు పాలు పడలేదు. చిన్న సొరల్లో పాల సొర అని ఒక రకం ఉంది. దాన్ని ఉడికించి, పొట్టు తీసి, పొడిపొడిగా వేయించి బాలింతకు పెడితే పాలు పడతాయని ఆ తీరమంతా నమ్మకం. మామూలు రోజుల్లో అయితే ఎవరో ఒకరు తెచ్చి గుమ్మంలో పెట్టిపోతారు. దురాయి రోజుల్లో పాలెంలో ఒక్క పచ్చి చేప లేదు. నేను ఆ పేరు వందసార్లు విన్నాను. మాంసం తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందనుకున్నాను.

ఒడ్డు మీద మాట

తెల్లారింది. గాలి బాగా ఉంది. మేనేజరుగారు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, తెప్పను చూసి ఒకసారి జీపు వైపు చూశాడు. పెద్దకాపు, మరి కొందరు కాస్త దూరంలో నిలబడి ఉన్నారు. ఒప్పందం ప్రకారం జరుగుతుందో లేదో చూడడానికి వచ్చారని నాకు తెలుసు.

పోలయ్య నా పక్కకు వచ్చాడు. తాడు చుడుతున్నట్టు తల వంచుకుని, చిన్నగా అన్నాడు.

"అబ్బయా, పాలకొకటి చాలు. దొరతో ఒక మాట అను."

ఆ గాలిలో నాకు వినపడింది, "పాలుకొకటి చాలు."

తేడా ఒక్క కొమ్ము. లకారానికి ఆ కొమ్ము తగిలించింది నేనే. వాటాకు ఒకటి ఇప్పించమంటున్నాడు, పెద్దకాపు ముందే ఒప్పందం చెడగొట్టేట్టున్నాడు, అనుకున్నాను. పెద్దకాపుకు కూడా వినపడితే మంచిదని గొంతు పెంచి అన్నాను:

"పాలూ లేదు, పెరుగూ లేదు పోలయ్యన్నా. కూలికి వచ్చినావు, కూలికి పో."

అందరూ నవ్వారు. ఈసారి పెద్దకాపు కూడా నవ్వాడు. మేనేజరుగారు అర్థం కాకపోయినా మర్యాదకు నవ్వాడు. పోలయ్య నవ్వాడు. నవ్వి, తెప్పను నీళ్ళలోకి నెట్టాడు.

తాగే పాలైతే "లేవు" అనాలి, నేను "లేదు" అన్నాను, కాబట్టి వాటా గురించే అంటున్నానని ఆయనకు అర్థం కావాల్సింది, అని తరవాత చాలాకాలం నాలో నేను వాదించుకున్నాను. వ్యాకరణంతో మనసును ఒప్పించవచ్చు గానీ, కాసేపే.

ఎండెక్కాక తెప్ప వచ్చింది. నాలుగు చేపలు. నాలుగూ పాల సొరలే. మేనేజరుగారి మొహం పాలిపోయి ఉంది, కానీ సంతోషంగా ఉన్నాడు. చేపల్ని ఇసకలో వరసగా పెట్టి, టోపీ పక్కన పెట్టి ఫోటో తీసుకున్నాడు. తరవాత వాటిని చూసి, "ఇవన్నీ నేనేం చేసుకుంటాను? ఇతనికి ఒకటి ఇవ్వనా? చాలా కష్టపడ్డాడు" అన్నాడు.

ఆయన ఆ మాట అన్నాడు. తనంతట తానే అన్నాడు. పోలయ్య గాలాలు సర్దుతూ, చెయ్యి ఆపి, నా వైపు చూశాడు.

"వద్దండీ, ఈరోజు వీళ్ళకు కట్టడి. పడిందంతా మీదే" అన్నాను. పెద్దకాపు వైపు చూసి తల కూడా ఊపాను, మాట నిలబెట్టుకున్నానని.

పోలయ్య మళ్ళీ గాలాలు సర్దుకున్నాడు.

నాలుగు సొరల్నీ తాటాకులో చుట్టి జీపు వెనక కట్టాను. సగం దారి రాకముందే ఎండకు వాసన మొదలైంది. సొర తొందరగా కంపు కొడుతుంది. మేనేజరుగారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఏమనుకోకపోతే పారేద్దామా అన్నాడు. నేను ఏమీ అనుకోలేదు. జీపు ఆపి, నా చేత్తోనే విప్పి, పంటకాలవలోకి విసిరాను.

గంగమ్మ

మేనేజరు వచ్చిపోయిన మూడో రోజు శవం కృష్ణపట్నం వైపు ఒడ్డున దొరికింది. దురాయి ఎత్తేశారు. ఇంకో రెండు రోజులకు కొత్త పార్టీ కోసం తెప్ప మాట్లాడడానికి పాలెం పోయాను. పోలయ్య ఇంట్లో లేడు. ఆయన భార్య గంగమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది.

"ఏందక్కా, పోలయ్యన్న మళ్ళీ పెళ్ళికొడుకై యాడికి పోయినాడు?" అన్నాను. ఇది నా మామూలు పలకరింపు.



"పిల్లకి పాలు పడలా అబ్బయా. మేకపాలు పోస్తే కక్కింది. పాలకొక్క సొరపిల్ల ఇప్పించమని అడిగితే, పెరుగు గూడా లేదన్నావంట గదా?"

కోపంగా అనలేదు. బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టు అడిగింది. నేను చెప్పకపోతే ఆమెకు నిజంగా తెలియదు, తెలుసుకోవాలనుకుంటోంది.

"బిడ్డ ఎట్టుంది?" అన్నాను.

"నిన్న పొద్దున పోయింది."

లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. సుబ్బులు లోపలే ఉందని తరవాత తెలిసింది. నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. హాస్యం కాదని మాత్రం చెప్పగలను, ఎందుకంటే ఎవరూ నవ్వలేదు.

ఇంకొక సంగతి నాకు జీపు ఎక్కాక గుర్తొచ్చింది. మేనేజరుగారి కాఫీ కోసం ఆ రోజు నా బుట్టలో పాలపొడి డబ్బా ఉంది. ఒడ్డునే, నా కాళ్ళ దగ్గరే ఉంది. పోలయ్య నాతో మాట్లాడినప్పుడు ఆ బుట్టను దాటుకునే వచ్చాడు.

నెల్లూరులో నాకు తెలిసిన డాక్టరు ఒకాయన్ని అడిగాను. సొర తింటే పాలు పడతాయనడానికి ఆధారం ఏమీ లేదన్నాడు. బిడ్డకు వేరే జబ్బు ఉండి ఉండవచ్చు అన్నాడు. నా ఊరట కోసమే చెప్పాడు. నేను ఆ ఊరటను ఒక వారం వాడుకున్నాను. తరవాత అది కూడా అయిపోయింది. సొరతో పాలు పడతాయా అన్నది కాదు గదా ప్రశ్న. ఒక మనిషి తన మనవరాలి కోసం తనకు తెలిసిన ఒకే ఒక్క మందు అడిగాడు. నేను ఆ మాటను నలుగురికీ నవ్వుకోవడానికి ఇచ్చాను.

పెద్దకాపుకు కూడా చెప్పాను, ఒప్పందం కోసమే అలా చేశానని. ఆయన ఆశ్చర్యపోయాడు. "పురిటింటికని దొర చేత్తో ఇస్తే దురాయి ఎందుకు అడ్డమొస్తాది అబ్బయా? ఆ మాటేదో నాతో అని ఉంటే నేనే ఇప్పించేవాణ్ణి గదా" అన్నాడు. వాళ్ళ కట్టడిలో దయకు చోటుంది. దాన్ని వాళ్ళకంటే కచ్చితంగా అమలు చేసినవాణ్ణి నేనే, వరి పొలాల నుంచి వచ్చినవాణ్ణి.

కిటుకులు

బి.ఏ. ప్యాసయిన తమ్ముడూ, నువ్వు అడిగినవి ఇవి. బూట్లు విప్పించు. సొర మూరెడే ఉంటుందని బల్ల దగ్గరే చెప్పు. దురాయి ఉన్న రోజున పేరు కొట్టెయ్యి. యజమాని తిడతాడు, తిట్టనీ. తెప్ప నడిపే మనిషి నీ పక్కకు వచ్చి తల వంచుకుని ఏదైనా అంటే, "ఏందన్నా, మళ్ళీ చెప్పు" అను. ఆ రోజు ఈ మూడు మాటలు నా నోట్లో ఉండి ఉంటే చాలు. ఎనిమిదేళ్ళలో నేను కూడబెట్టిన జ్ఞానమంతా ఇదే. దీనికోసం ఎనిమిదేళ్ళు అక్కర్లేదు, చెవుల్లో గాలి లేకపోతే చాలు.

నువ్వు కూడా హాస్యగాడివేనని మేనల్లుడు మురిసిపోతున్నాడు. పార్టీలకు నచ్చుతుందట. నచ్చుతుంది. పక్కనున్నవాడు నవ్వాడు కాబట్టి బాగానే ఉన్నాడనుకోవడం మన జాతికున్న జబ్బు. దానికి మందు నాకు తెలియదు.

పోలయ్య అన్నది

ఆ తరవాత వారానికి పోలయ్యను పట్టుకున్నాను. తెప్ప నీడలో కూర్చుని గాలాలకు ఇనపతీగ కడుతున్నాడు. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. గాలి సంగతి, నాకు వినపడింది వేరే మాట అన్న సంగతి, నేను వాటా అనుకున్న సంగతి. ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆయన తీగ మెలిపెడుతూనే విన్నాడు.

"నువ్వు తమాషాకే అన్నావని నాకు తెలవదా అబ్బయా" అన్నాడు. "నలుగురూ నవ్వినారు. నేను గూడా నవ్వినా."

"తప్పు నాదే పోలయ్యన్నా."

"కాదు." కొసను పళ్ళతో బిగించి లాగాడు. "నేను నవ్వకుండా ఉండాల్సింది. నేను నవ్వబట్టే గదా, నేనడిగింది ఏందో నువ్వు మళ్ళీ అడగలా. పెద్దకాపు చూస్తా ఉండాడని సిగ్గుపడి నవ్వేసినా. బిడ్డ సంగతి నోరు తెరిచి చెప్పాల్సినోణ్ణి, నవ్వేసినా."

నేను కాదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి ఇంకో గాలం తీసుకున్నాడు. ఆ తరవాత ఆయన తెప్ప మీద ఎన్నో పార్టీల్ని పంపాను. వీలు చిక్కినప్పుడల్లా ఆ మాట ఎత్తేవాణ్ణి. ఉద్యోగం మూతపడిన రోజున కూడా వెళ్ళి చెప్పాను, ఆ తప్పు నాదని. ఆయన దాన్ని నాకు ఇవ్వలేదు.